బావ పేరు మీద ఉన్న మెషీన్

మాస్టారు తన సొంత ఇంట్లో, తానే ఏరికోరి పెట్టించుకున్న తాళం వెనక చనిపోయారు.

డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఏజెంట్లకు తుపాకీ పట్టడం నేర్పిన మనిషి ఆయన. ఆయన్ని చంపడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళారు. ఆ ఉదయం మాత్రం ఎవరూ రాలేదు. గదిలో గ్యాస్ హీటర్ తనంతట తానే మంట ఆర్పేసుకుని గ్యాస్ వదలడం మొదలుపెట్టింది. తలుపు తాళం తనంతట తానే పడింది. కిటికీలు బులెట్‌ప్రూఫ్ అద్దాలవి. కుర్చీతో కొట్టిన గీతలు వాటిమీద మిగిలాయి కాని అద్దం పగలలేదు. హంతకుడు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఏ దేశంలోనో కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఒక బటన్ నొక్కి ఉంటాడు.

మాస్టారి దగ్గర ఓనమాలు దిద్దుకున్న ఏజెంటు ఒకడు ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. అతని కోడ్ నేమ్ గొళ్ళెం. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపు గొళ్ళెం తడిమి చూసుకునే అలవాటు వల్ల వచ్చిన పేరు అది. ఏడుపొచ్చింది. పక్కన పోలీసులున్నారని గుర్తొచ్చి మింగేశాడు.

ఆఫీసు నేలమాళిగలో పెద్దాయన ఎదురు చూస్తున్నాడు. పెద్దాయన అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. అసలు పేరు ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

"కూర్చో. టీ లేదు. కెటిల్‌ని కూడా నెట్‌కి కలిపారని తెలిసి బయట పారేయించాను."

పక్కన టెక్నికల్ సెక్షన్ హెడ్ ఉంది. అందర్నీ హక్కుగా తిడుతుంది కాబట్టి డిపార్ట్‌మెంట్ మొత్తం ఆమెను పిన్ని అంటుంది.

"తాళం, హీటర్ రెండూ ఒకే కంపెనీవి. ఆ కంపెనీ వస్తువులు లక్షల ఇళ్ళల్లో ఉన్నాయి," అంది పిన్ని. "ఆఫీసులో కూర్చుని ఇంటి తలుపు తీయొచ్చు, దారిలో ఉండగానే గది వెచ్చబెట్టుకోవచ్చు. సుఖంగా ఉంది కదా అని అందరూ తగిలించుకున్నారు. లోపల ఒక కన్నం ఉంది. తోటమాలులు అందులోంచి దూరారు."

తోటమాలులు అంటే సరిహద్దుకు అవతలి ముఠా. ఇవాళ విత్తనం వేసి, ఏళ్ళ తరబడి ఓపిగ్గా నీళ్ళు పోసే రకం.

"లక్షల ఇళ్ళల్లో మాస్టారి ఇల్లే ఎలా పట్టారు?" అన్నాడు గొళ్ళెం. "ఆ ఇల్లు ఆయన పేరు మీద కూడా లేదు కదా సార్."

"అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మనలో ఎవడో అమ్ముడుపోయాడు." పెద్దాయన పిన్ని వంక, గొళ్ళెం వంక, చివరికి గోడకున్న అద్దంలో తన వంక కూడా అనుమానంగా చూశాడు. "దొరసాని కబురు పంపింది. ఇంటి వస్తువుల ఎగ్జిబిషన్‌లో నిన్ను కలుస్తుందట."

దొరసాని ఆ కంపెనీలోనే సేల్స్ డైరెక్టర్. డిపార్ట్‌మెంట్‌కి గూఢచారి. తోటమాలులకూ గూఢచారే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె లేకపోతే ఇద్దరికీ పూట గడవదు.

"గ్యాడ్జెట్ ఏమిస్తావు పిన్నీ?"

పిన్ని సొరుగులు అన్నీ లాగి చూసి, ఒక స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టింది. "నెట్‌కి తగలని వస్తువు నా దగ్గర ఇదొక్కటే మిగిలింది. పారేసుకోకు."

*

ఎగ్జిబిషన్ హాల్లో గొళ్ళెం పెట్టుడు మీసంతో, పచ్చ టీషర్టుతో కెటిల్ పట్టుకుని స్టాల్‌లో నిలబడ్డాడు. ఫ్రిజ్‌లు మాట్లాడుతున్నాయి, చీపుళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. దొరసాని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఎత్తు మడమల చెప్పులు టకటకలాడిస్తూ వస్తుంటే చీపుళ్ళు కూడా పక్కకు తప్పుకున్నాయి.

"ఈ కెటిల్ ఈల వేస్తుందా?" అంది.

"వేయదండి. ఫోన్‌కి మెసేజ్ పెడుతుంది."

"మరి నీళ్ళో?"

"నీళ్ళు మాత్రం మీరే పోసుకోవాలండి."

కోడ్ కలిసింది. ఆమె కెటిల్ మూత తీసి చూస్తూ గొంతు తగ్గించింది. "మీలో ద్రోహి ఎవరా అని వెతుకుతున్నారట?"

"ఎవరు?"

"ఎవరూ లేరు. మీరందరూ కలిసి మీ అడ్రసులు చెప్పారు. కన్నం సంగతి పోయినేడే మా కంపెనీకి తెలిసింది. అప్‌డేట్ వేసుకోండి అని కొన్నవాళ్ళందరికీ మెయిళ్ళు పంపాం, ఫోన్లు చేశాం. జనం తిట్టుకుంటూనే వేసుకున్నారు. కొన్ని మెయిళ్ళు మాత్రం తిరిగొచ్చేశాయి. ఫోన్ నంబర్లు లేవు. ఆ పేర్లతో మనుషులే లేరు. బల్బు కొన్నా దొంగ పేరుతో కొనేది ఎవరు?"

నిజమే. డిపార్ట్‌మెంట్‌లో చేరిన మొదటి రోజు మాస్టారు చెప్పిన మొదటి పాఠమే అది. సొంత పేరుతో అగ్గిపెట్టె కూడా కొనకండి అని.

"ఎవరు దాక్కుంటున్నారో వెతకాల్సిన పని తోటమాలులకు లేకపోయింది," అంది దొరసాని. "కన్నం పూడ్చుకోని ఇళ్ళు చూశారు, మనిషి లేని పేర్లు చూశారు. ఆ ఇళ్ళల్లో తాళాలకీ మెషీన్లకీ లోపల ఆర్డర్ ముందే పెట్టేశారు. మీ మాస్టారిది ట్రయల్. మిగతావన్నీ ఇవాళ ఒకేసారి."

గొళ్ళెం కెటిల్‌ని బల్ల మీద పెట్టేశాడు. అతనికి గుర్తొచ్చింది సహోద్యోగులు కాదు, అక్క.

అమ్మానాన్నలు పోయాక అక్కా బావా కలిసి పెంచిన మనిషి అతను. బావ పోయాడు. అక్కకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పగలూ రాత్రీ ఆక్సిజన్ మెషీన్ గొట్టం ముక్కుకు ఉండాల్సిందే. ఆ ఇంటికి గునపం దిగని ఉక్కు తలుపు, బులెట్‌ప్రూఫ్ కిటికీలు అతనే పెట్టించాడు. స్పేర్ సిలిండర్ బాల్కనీలో పెట్టించి, దొంగలు ఎత్తుకుపోతారేమోనని బాల్కనీ తలుపుకూ తాళం బిగించాడు. తాళాలు, మెషీన్, అన్నీ ఆ కంపెనీవే. అన్నీ తనది కాని పేరు మీద.

"ఎప్పుడు?"

"చీకటి పడ్డాక. తొందరపడకు, టైముంది." ఆమె కంపెనీ పాస్ కార్డు కెటిల్‌లో పడేసి మూత పెట్టింది. "కంట్రోల్ రూమ్ మా టవర్ పై అంతస్తులో. నేనిచ్చానని చెప్పకు."

*

గొళ్ళెం మీసం పీకేసి, ఏసీ మెకానిక్ చొక్కా తొడుక్కుని టవర్‌లోకి వెళ్ళాడు. ఏజెంట్లందరినీ ఇళ్ళల్లోంచి కుటుంబాలతో సహా బయటికి రప్పించమని పెద్దాయనకు దారిలోనే చెప్పాడు. అక్క దగ్గరికి అంబులెన్స్ పంపమని బతిమాలాడు. చీకటి పడడానికి ఇంకా చాలాసేపుంది. ఆ ధైర్యంతోనే లిఫ్ట్ ఎక్కాడు.

పాస్ కార్డు మొదటి తలుపు తీసింది. రెండోది తీయలేదు. ఏసీ గొట్టం జాలీకి ఉన్న మరలు పిన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పి, మోచేతులు చీరుకుపోతుండగా పాక్కుంటూ వెళ్ళి, డ్యూటీ ఇంజనీరు బల్ల ముందు దిగాడు. ఆయన భయంతో కుర్చీతో సహా వెనక్కి పోయాడు.

ఐడీ కార్డు చూపించి, గొళ్ళెం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంజనీరు వింటూనే కీబోర్డు మీద వంగాడు. గోడ నిండా ఊరి మ్యాప్ వెలిగింది. వేల పచ్చ చుక్కలు. అక్కడక్కడా ఎర్రవి, అప్‌డేట్ వేసుకోని ఇళ్ళు.

"కన్నం గురించి నేను మొదట్లోనే మొత్తుకున్నాను," అన్నాడు ఇంజనీరు. "తాళం అందంగా ఉండాలన్నారు, పండక్కల్లా మార్కెట్లో ఉండాలన్నారు. గట్టిగా ఉండాలని ఒక్కరూ అనలేదు." తెర మీద ఏదో చదివి, ఆయన ముఖం పాలిపోయింది. "సార్, చీకటి పడ్డాక అని మీకెవరు చెప్పారు?"

"ఎందుకు?"

"ఆర్డర్ మొదలైపోయింది. ముందు తాళాలు పడతాయి. తర్వాత మెషీన్లు. తాళాలు ఇప్పుడే పడ్డాయి."

దొరసాని రెండు వైపులకూ సగం సగం నిజమే చెబుతుంది. అతనికి ఇచ్చిన సగంలో టైము లేదు. గొళ్ళేనికి కోపం రావడానికి కూడా తీరిక లేకపోయింది.

ఫోన్ మోగింది. పెద్దాయన. "మనవాళ్ళందరూ బయటపడ్డారు. అంబులెన్స్ మీ అక్కయ్యగారి ఇంటి ముందే ఉంది. తలుపు రావడం లేదు. ఫైర్ వాళ్ళు కట్టర్ పెట్టారు. ఆ తలుపు ఎవడు పెట్టించాడో గాని, కోయడానికి రాత్రవుతుందంటున్నారు."

"నేనే సార్."

"ఉండు, పిన్ని మాట్లాడుతుంది."

"వైఫై తీసేయమందామా?" అన్నాడు గొళ్ళెం.

"లాభం లేదురా. ప్రతి వస్తువులో సొంత సిమ్ ఉంది," అంది పిన్ని.

"సర్వర్లు ఆపేస్తే?" అని ఇంజనీరు వైపు తిరిగాడు.

"ఆర్డర్ ఇప్పటికే మెషీన్ కడుపులో ఉంది సార్. అప్‌డేట్ వేస్తేనే చెరిగిపోతుంది, ఒకే ఖాతా కాబట్టి ఆ ఇంటి తాళాలు కూడా వస్తాయి. ఆర్డర్ మొదలయ్యాక వేయాలంటే ఓనర్ పేరు ఇక్కడ కొట్టాలి, మెషీన్ దగ్గరున్నవాళ్ళు 'ఔను' నొక్కాలి. పేరు మూడుసార్లు తప్పయితే రేపటిదాకా తీసుకోదు."

"మీరు దాన్ని దాటలేరా?"

"దాటే దారి ఉంటే దొంగలు కూడా దాటేవాళ్ళు సార్. మేం సరిగ్గా చేసిన పని అదొక్కటే."

గొళ్ళెం కళ్ళు మూసుకున్నాడు. ఆ మెషీన్ ఏ పేరు మీద కొన్నాడు? ఈ ఉద్యోగంలో అతను పాస్టరయ్యాడు, పాల వ్యాపారయ్యాడు, చేపల ఎగుమతిదారయ్యాడు. ఒక్కో అవతారానికి ఒక్కో పేరు, ఒక్కో పుట్టినరోజు. ఏ అవతారంలో ఉండగా అక్కకు మెషీన్ కొన్నాడో తలకిందులుగా తపస్సు చేసినా గుర్తు రావడం లేదు.

పాల వ్యాపారి పేరు కొట్టాడు. తెర ఎర్రబడింది.

చేపల ఎగుమతిదారు పేరు కొట్టాడు. మళ్ళీ ఎర్రబడింది.

"ఇంకొక్కటే," అన్నాడు ఇంజనీరు, దాదాపు గుసగుసగా.

గొళ్ళెం అక్కకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"చెప్పరా చిన్నోడా," అంది అక్క. మాట మాటకీ మధ్య ఎగశ్వాస. "మెషీన్ ఆగిపోయింది. నర్సు మందుల కోసం వెళ్ళింది. బయటేమో ఎవరో తలుపు కోస్తున్నారు. దొంగలైతే వెళ్ళిపొమ్మను, మా ఇంట్లో ఏమీ లేదని చెప్పు."

"దొంగలు కాదక్కా, మనవాళ్ళే. ఎక్కువ మాట్లాడకు. సిలిండర్?"

"బాల్కనీ తాళం రావడం లేదు. నీ తాళమే." దగ్గు. "గట్టి తాళం తెచ్చావురా."

ఆ మాట అతని గుండెల్లో దిగింది. ఆమెను కాపాడటానికని పెట్టిన ప్రతి వస్తువూ ఇప్పుడు ఆమె పీక పట్టుకుని కూర్చుంది. అతనే పట్టించాడు. ఏ తోటమాలీ ఇంత బాగా పట్టించలేడు.

"అక్కా, ఆ మెషీన్ ఎవరి పేరు మీద ఉందో నీకేమైనా తెలుసా? డబ్బా మీద ఉందా, బిల్లు ఉందా?"

"నీకు తెలియదా?"

"మర్చిపోయాను."

అవతల గాలి కోసం వెతుక్కుంటున్న చప్పుడు. తర్వాత, అంత ఆయాసంలోనూ నవ్వినట్టుగా వినిపించింది. "మీ బావ పేరే కదరా. రోజూ పొద్దున్నే మెషీన్ పలకరిస్తుంది. శుభోదయం అని, ఆయన పేరు పెట్టి గారూ అంటుంది. నువ్వు పొద్దున పూట ఎప్పుడైనా ఇంట్లో ఉంటే కదా వినడానికి."

గొళ్ళేనికి అప్పుడు గుర్తొచ్చింది. బావ పోయిన వారంలోనే ఆ మెషీన్ కొన్నాడు. షాపులో ఓనర్ పేరు అని అడిగితే, అన్ని దొంగ పేర్లు నోటి చివర ఉన్నవాడు కూడా ఏ పేరూ తోచక, మనసులో తిరుగుతున్న పేరే రాసేశాడు. తన జీవితంలో రాసిన ఒకే ఒక్క నిజమైన పేరు. అది కూడా బతికి లేని మనిషిది. అందుకే ఆ మెయిలూ ఎవరికీ చేరలేదు.

బావ పేరు కొట్టాడు. తెర పచ్చబడింది.

"అక్కా, మెషీన్ తెర మీద ఏదో అడుగుతుంది చూడు. కొత్త భద్రత వేయమంటారా అని. ఔను అని నొక్కు."

"అదా. ఏడాదిగా అడుగుతూనే ఉంది. నేను రోజూ 'తర్వాత' అని నొక్కుతాను."

"ఎందుకక్కా?"

"కొత్తది వేస్తే... ఆయన పేరు పోతుందేమోనని." ఆమె గొంతు సన్నబడింది. "పోదు కదా?"

గొళ్ళెం ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు తల అడ్డంగా తిప్పాడు. కొత్త అప్‌డేట్‌లో పేరు పెట్టి పిలవడం తీసేశారు. ఇంట్లో ఎవరుంటున్నారో పక్కవాళ్ళ చెవిన పడకూడదని.

అబద్ధమాడటం అతని వృత్తి. అక్కకు ఎన్నేళ్ళుగానో ఏసీ మెకానిక్‌నని చెబుతున్నాడు. ఇంకొక్క అబద్ధం ఒక లెక్కా? పోదక్కా అంటే చాలు, నొక్కేస్తుంది. రేపు పొద్దున్న మెషీన్ పలకరించదు. ఆమె గొట్టం పెట్టుకుని, ఎవరూ పిలవని గదిలో కూర్చుని, తమ్ముడు తనను మోసం చేశాడని తెలుసుకుంటుంది.

"పోతుందక్కా," అన్నాడు. "పేరు పోతుంది. కానీ నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నొక్కక్కా. కాళ్ళు పట్టుకుంటాను."

ఫోన్లో కట్టర్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మ్యాప్ మీద ఆ ఇంటి చుక్క ఎర్రగా, కదలకుండా ఉంది.

"అక్కా."

ఏమీ లేదు. తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. ఇంజనీరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గొళ్ళెం దేవుడి పేరు ఎత్తి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు గుర్తున్న దేవుళ్ళందర్నీ పిలిచాడు.

చుక్క పచ్చబడింది.

బాల్కనీ తాళం టక్కుమని తెరుచుకోవడం, ఉక్కు తలుపు తెరుచుకోవడం, మెషీన్ గుర్రుమని మొదలవడం, మనుషులు పరిగెత్తడం ఒకదాని మీద ఒకటి వినిపించాయి. ఎవరో ఫోన్ తీసుకుని, "ఊపిరి అందుతోంది సార్, కళ్ళు తెరిచారు," అన్నారు. గొళ్ళెం నేల మీద కూలబడి, పోలీసులున్నా లేకపోయినా పట్టించుకోకుండా ఏడ్చాడు.

ఇంజనీరు అతని భుజం తట్టాడు. "సార్, ఒకటి అడగొచ్చా? మిగతా ఎర్ర చుక్కలన్నీ మీవాళ్ళవేనా?"

పెద్దాయన ఫోన్లో ఒక్కో అడ్రసు చదివాడు. ఏజెంట్లు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ తమ దొంగ పేర్లు ఒప్పుకున్నారు. ఒకాయన అత్తగారి కుక్క పేరు వాడాడు. చివరికి ఒక్క చుక్క మిగిలింది, ఇదే టవర్‌లో, కింద అంతస్తులో అద్దెకిచ్చిన ఆఫీసు. అది మాది అని ఎవరూ అనలేదు.

"ఓనర్ పేరుతో మనిషి లేడు. అప్‌డేట్ వేసుకోలేదు," అన్నాడు ఇంజనీరు. "తాళం కూడా మాదే."

గొళ్ళెం కళ్ళు తుడుచుకున్నాడు. బటన్ నొక్కినవాడు ఏ దేశంలోనో ఉన్నాడనుకున్నారు. కాళ్ళ కిందే ఉన్నాడు. గూఢచారులు ఎక్కడైనా ఒకటే. తోటమాలులు కూడా సొంత పేరుతో అగ్గిపెట్టె కొనరు.

"ఆ కన్నంలోంచే దూరి ఆ తాళం వేసేయండి," అన్నాడు.

పిన్ని మనుషులు తీరిగ్గా మెట్లెక్కి వచ్చేసరికి లోపలున్నవాళ్ళు తలుపు బాదుతున్నారు.

*

దొరసాని ఆ సాయంత్రమే మాయమైంది. పెద్దాయనకు ఒక కెటిల్ కానుకగా పంపింది. ఆయన బాంబు స్క్వాడ్‌ని పిలిపించి పేల్పించాడు. అది ఉత్త కెటిలే. ఇకపై ప్రతి ఉద్యోగీ ఇంటి వస్తువులు సొంత పేరుతోనే కొనాలని, అప్‌డేట్ అడిగిన రోజే వేయాలని సర్క్యులర్ వచ్చింది. కింద పెద్దాయన సంతకం ఉంది, ఎప్పటిలాగే తనది కాని పేరుతో.

అక్క ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మరునాడు గొళ్ళెం పొద్దున్నే లేచాడు. ఆ ఇంట్లో అతను పొద్దున పూట ఉండటం బావ పోయాక అదే మొదలు.

అక్క గొట్టం సర్దుకుని మెషీన్ వైపు చూస్తోంది. అది దీపం వెలిగించింది, గుర్రుమంది, అంతే. ఆమె కాసేపు అలాగే చూసి, తల తిప్పుకుంది.

గొళ్ళెం ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, మెషీన్ లాగే "శుభోదయం" అని, బావ పేరు పెట్టి గారూ అన్నాడు.

అక్క చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏసీలు బాగు చేస్తానంటావు కదా," అంది. "ముందు ఆ గొంతు బాగు చేయించుకో. మెషీనే నయం."